నందిగామ దాకా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా పాత డీజిల్ జీపుకి రేడియేటర్ పైగొట్టం పగిలింది. జగ్గయ్యపేటలో పెళ్లి భోజనం చేసి నందిగామ తిరిగొస్తున్నాం, నేనూ మా బాబాయీ. చిల్లకల్లు టోల్ గేటు దాటి నవాబుపేట దగ్గరికొచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. సూది ఎర్రగీత ఎక్కి కూర్చుంది. మధ్యాహ్నం మూడు గంటలు. చుట్టుపక్కల కంప తప్ప చెట్టు లేదు.

బాబాయ్ ఆరేళ్లు క్లీనరుగా, ముప్పై ఏళ్లు డ్రైవరుగా లారీల మీద బతికినవాడు. మా పెదనాన్న కొడుకు, నాకు తమ్ముడు, విజయవాడలో ఒక కంపెనీ సర్వీసు సెంటర్లో ఎనిమిదేళ్లు పనిచేసి ఇప్పుడు జగ్గయ్యపేటలో సొంత షెడ్డు నడుపుతున్నాడు. ఫోన్ చేస్తే బైకు మీద అరగంటలో వాలిపోయాడు. ఈలోగా బాబాయ్ జీపు వెనక కొంత దూరంలో నాలుగు రాళ్లు పేర్చి, వాటి మధ్య కంపకొమ్మ ఒకటి నిలబెట్టాడు. సీటు కింద నుంచి తన సంచి తీశాడు. సైకిల్ ట్యూబు, బైండింగ్ వైరు, కటింగ్ ప్లేయరు, రెండు పానాలు, ఎంసీల్, అరిగిపోయిన బట్టల సబ్బు.

ఇంజను చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. ఆ కాసేపూ వాళ్లిద్దరూ వాదించుకున్నారు. బండి ఓనర్ని నేను. కాబట్టి నోరు మూసుకుని విన్నాను.

తమ్ముడు: ముందు ఆ రాళ్లు తీసెయ్ బాబాయ్. ఇదిగో, ట్రయాంగిల్ తెచ్చాను.

బాబాయ్: నీ ముక్కోణం లారీ గాలికి ఎగిరి చేలో పడుతుంది. రాయి కనబడితే ఎంతటివాడైనా స్టీరింగు తిప్పుతాడు.

తమ్ముడు: పగలు కనబడుతుంది. బండి బాగుపడ్డాక డ్రైవరు ఎక్కి పోతాడు, రాళ్లు రోడ్డు మీదే ఉంటాయి. రాత్రి భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని బైకు మీద వచ్చేవాడికి ఆ రాయి ఎందుకక్కడ ఉందో తెలుస్తుందా? నీ రిపేరు అయిపోయింది. వాడి ప్రమాదం అప్పుడే మొదలైంది.

బాబాయ్: నేను తీసేసే వెళ్తాను.

తమ్ముడు: నువ్వు తీస్తావు. తియ్యనివాళ్ల సంగతి చెబుతున్నా. సరే, ఇక్కడ ఎండలో నిలబడటం ఎందుకు? ట్రాక్టరు పిలిచి తాడు కట్టి మా షెడ్డుకి లాగిద్దాం. రేపు పొద్దున్నే ఆటోనగర్ నుంచి కొత్త గొట్టం తెప్పిస్తా. సాయంత్రానికి బండి ఇస్తా.

బాబాయ్: జానెడు రబ్బరు గొట్టానికి ఒక ట్రాక్టరు, ఒక తాడు, ఒక రాత్రి, ఒక పగలు. ఇంట్లో గేదెలకి నీళ్లెవరు పెడతారు? దీనికి సైకిల్ ట్యూబు చుట్టి, మెల్లగా నందిగామ వెళ్లిపోతాం. గొట్టం అక్కడ మార్పిద్దాం. ఇది చేబదులు లాంటిదిరా అబ్బాయ్. కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. అవసరం గడుస్తుంది. ఇంటికి చేరగానే తీర్చేస్తాం.

తమ్ముడు: తీర్చిన చేబదుళ్లు నేను చూడలేదు బాబాయ్. నా షెడ్డుకి వచ్చే బండ్లలో సగానికి అలాంటి కట్లే. ఎప్పుడు కట్టారని అడిగితే, సంక్రాంతికి అంటాడు. ఏ సంక్రాంతికో చెప్పడు.

బాబాయ్: అది బండివాడి తప్పు. కట్టు తప్పు కాదు.

తమ్ముడు: రెంటినీ విడదీస్తే నీకు బాగానే ఉంటుంది. ఇలా చూడు. గొట్టం పగిలింది, నువ్వు గొట్టం కడతానంటున్నావు. ఎందుకు పగిలిందో చూశావా? ఈ చివర వేలితో నొక్కు. మెత్తగా ఉబ్బిపోయి ఉంది, ఆయిల్ తగిలి నానింది. లేదా మూతలో వాల్వు పట్టేసి లోపల ఒత్తిడి ఎక్కువై ఉండొచ్చు. థర్మోస్టాట్ తెరుచుకోకపోయి ఉండొచ్చు. ఫ్యాన్ బెల్టు జారుతూ ఉండొచ్చు. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తాం. జ్వరమెందుకొచ్చిందో గుడ్డకేం తెలుసు?

బాబాయ్: తడిగుడ్డ వెయ్యకుండా పిల్లాణ్ణి ఆసుపత్రిదాకా తీసుకెళ్లేదెలా? నేనంటున్నది అంతే. ఆసుపత్రి వద్దనలేదు. పాత పెట్రోలు కార్లకి ఎండాకాలం పంపులో పెట్రోలు ఆవిరైపోయి బండి ఆగిపోయేది. నిజంగానే పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్లం. పది నిమిషాల్లో కదిలేది. ఏం, అది వైద్యం కాదా?

తమ్ముడు: అది వైద్యమే. ఆవిరి చల్లబడితే మళ్లీ పెట్రోలవుతుంది, కారణం తెలిసి చేసిన పని. మరి ఈ సబ్బు ఎందుకు?

బాబాయ్: డీజిల్ ట్యాంకు చెమర్చితే. సబ్బు నీళ్లలో కరుగుతుంది గానీ డీజిల్లో కరగదు. పొడి సబ్బుని ఆ చిల్లు మీద గట్టిగా రుద్ది కూరితే సాయంత్రం దాకా ఆగుతుంది. ఎంసీల్ పెట్టాలంటే ట్యాంకు ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టాలి. సబ్బుకి ఆ తంటా లేదు. ఇది నాకు ఏ సర్వీసు సెంటరూ చెప్పలేదు. క్లీనరుగా ఉన్నప్పుడు మా డ్రైవరు చెప్పాడు.

తమ్ముడు: రేడియేటర్లో పసుపు పొయ్యమని కూడా చెప్పే ఉంటాడు.

బాబాయ్: చెప్పాడు. పోశాం. కారడం తగ్గింది. తర్వాత లోపలి సన్న గొట్టాలు కూడా పూడుకుపోయి, రేడియేటర్ విప్పి కడ్డీ పెట్టి పొడవాల్సొచ్చింది. అందుకే ఈ సంచిలో పసుపు లేదు. నేను ఆ రోడ్డు మీదే నేర్చుకున్నాను, ఆ రోడ్డు మీదే కొన్ని వదిలేశాను కూడా.

తమ్ముడు: ఆ రోడ్డు ఇప్పుడు లేదు బాబాయ్. నువ్వు నడిపినప్పుడు ఇది తొమ్మిదో నంబరు హైవే. రెండు వరుసల రోడ్డు. లోడు లారీ నలభైలో పోతే గొప్ప. ఊరూరా కమ్మరి కొలిమి, వెల్డింగు షాపు. ఇప్పుడిది అరవై ఐదో నంబరు. నాలుగు వరుసలు. ఇలాంటి రోడ్డు మీద కార్లకి కేంద్రం 2018లో గరిష్ఠ వేగం గంటకి 100 కిలోమీటర్లు చేసింది. నువ్వు కట్టుకట్టిన జీపుని ఇరవైలో నడుపుతావు. వెనక వందలో వచ్చేవాడికి నువ్వు కదిలే బండిలా కనబడవు. రోడ్డు మధ్యలో గోడలా కనబడతావు.

బాబాయ్: ఎడమ అంచు పట్టుకుని, ఇండికేటర్లు రెండూ వేసుకుని పోతాను. సర్వీసు రోడ్డు దొరికితే అందులోకి దిగిపోతాను.

తమ్ముడు: 1033కి ఫోన్ చేస్తే హైవే వాళ్ల క్రేను వస్తుంది. టోలు కట్టేది అందుకు కూడా.

బాబాయ్: వస్తుంది, కాదనను. బండిని రోడ్డు మీంచి తప్పిస్తారు. ఇంటికి చేర్చరు. వాళ్లకి కావలసింది రోడ్డు ఖాళీ కావడం. మనకి కావలసింది ఇల్లు. హైవే సంగతి వదిలెయ్. వత్సవాయి అవతల నల్లరేగట్లో చేను మధ్య ట్రాక్టరు ఆగింది. మిర్చి కోసి కల్లంలో పోశారు, మబ్బు పట్టింది. అక్కడికి నీ క్రేను వస్తే అదీ దిగబడుతుంది. డీజిల్ అయిపోయి ఎయిర్ పట్టిందనుకో. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది. తర్వాత బుడగలు. తర్వాత సన్నగా, బుడగ లేకుండా డీజిల్ ధార. అప్పుడు స్క్రూ బిగించాలి. ఐదు నిమిషాల పని. అది తెలియని కుర్రాడు సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ కూడా చంపేస్తాడు. అప్పుడు ఒక జబ్బు కాస్తా రెండవుతుంది.

తమ్ముడు: ఎయిర్ తియ్యడం అతుకు కాదు బాబాయ్, అది సరైన రిపేరే. దాన్ని నీ ఖాతాలో వేసుకోకు.

బాబాయ్: మరి నా ఖాతాలో ఏం మిగిల్చావు?

తమ్ముడు: మాయమైపోతున్నవే మిగిలాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బండ్లన్నీ బీఎస్-6. బైకుకి కూడా కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. చోకు లాగడం, జెట్టు ఊదడం, అగ్గిపెట్టె గరుకు పక్కతో పాయింట్లు రుద్దడం, అన్నీ పోయాయి. సెన్సర్ పోతే సబ్బు రాస్తావా? స్కానర్ పెడితే ఏది పోయిందో అదే చెబుతుంది.

బాబాయ్: మా పక్కింటివాడి కొత్త లారీకి మొన్న పసుపు లైటు వెలిగింది. ఎంత తొక్కినా స్పీడు పెరగలేదు. ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ ఊరు చేరాడు. దాన్నేమంటారు మీరు?

తమ్ముడు: లింప్ మోడ్. ఏదైనా సెన్సర్ తేడా చూపిస్తే కంప్యూటర్ ఇంజను శక్తి తగ్గించేస్తుంది. ఇంజను పాడవకుండా బండి కుంటుకుంటూ షెడ్డుదాకా చేరాలని.

బాబాయ్: అంటే కుంటించుకుంటూ ఇంటికి చేర్చడం! నేను సైకిల్ ట్యూబుతో చేస్తే నాటు పని, కంపెనీ కంప్యూటర్తో చేస్తే ఇంజనీరింగా? ఇంకోటి. ఇప్పటి కార్లలో స్టెప్నీ చూశావా? మిగతా నాలుగింటికంటే సన్నగా, బక్కగా ఉంటుంది. అదేంటి మరి? కంపెనీవాడు ఫ్యాక్టరీలోనే తయారు చేసి ఇచ్చిన అతుకు.

తమ్ముడు: బాగా పట్టుకున్నావు. కానీ ఆ స్టెప్నీ మీద ఏం రాసి ఉంటుందో చూశావా? 80 దాటొద్దని పెద్ద అక్షరాలతో ఉంటుంది. లింప్ మోడ్లో లైటు వెలుగుతూనే ఉంటుంది, షెడ్డుకి వచ్చేదాకా ఆరదు. తేడా అక్కడుంది. వాళ్ల అతుకు నేను అతుకునని అరుస్తూ ఉంటుంది. నీ సైకిల్ ట్యూబు బానెట్ కింద గప్‌చిప్‌గా కూర్చుంటుంది. రేపు బండి ఎక్కేవాడికి అది ఉందనే తెలియదు.

(బాబాయ్ వెంటనే జవాబివ్వలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఇంకా కాలుతోందని తీసేశాడు.)

బాబాయ్: మా మనవడు ఫోన్లో ఒకటి చూపించాడు. ఎక్కడో ఎడారి. నల్లటి కుర్రాళ్లు పంక్చరైన టైరులో గడ్డి కుక్కి నడుపుతున్నారు. చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు.

తమ్ముడు: అది ఆస్ట్రేలియా నడిమధ్యన యుయెండుము అనే ఊరు. వార్ల్‌పిరి జాతివాళ్లు. 2001లో బుష్ మెకానిక్స్ అని వాళ్ల మీద టీవీ సీరీస్ వచ్చింది. ఆ గడ్డి పేరు స్పినిఫెక్స్.

బాబాయ్: ఏ గడ్డయితేనేం. వేసవిలో చెక్క ఎండి చక్రం వదులైతే, పట్టా ఊడి రాకుండా మా నాన్న బండి చక్రాల్ని రాత్రంతా చెరువులో నానబెట్టేవాడు. చెక్క ఉబ్బి పట్టా బిగుసుకునేది. ఇరుసుకి కందెన అంటే ఆముదం, కాల్చిన గడ్డి మసి. కడసీల ఊడిపోతే తుమ్మ కొమ్మ చెక్కి దిగ్గొట్టేవాడు. పెనుగంచిప్రోలు తిరునాళ్లకి అలాగే వెళ్లి అలాగే వచ్చేవాళ్లం. ఆ ఎడారి కుర్రాళ్లకీ మా నాన్నకీ ఒకరి పేరొకరికి తెలియదు, ఒకటే చదువు.

తమ్ముడు: ఆ చదువంటే నాకూ గౌరవమే. కారులో మొట్టమొదటి దూరప్రయాణం కూడా అలాగే సాగింది. మాకు ట్రైనింగులో చెప్పారు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని తీసుకుని ఆయన కనిపెట్టిన కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే.

బాబాయ్: పుట్టింటికా! అయితే ఎవరూ ఆపలేరు.

తమ్ముడు: దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోడు కట్టుకునే పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్‌లోక్ అనే ఊళ్లో మందుల షాపులో కొని పోయించింది. చెక్క బ్రేకులు అరిగిపోతే, చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది.

బాబాయ్: శభాష్! మరి ఇంతసేపూ నన్నెందుకు తిట్టావు? ఆవిడ సంచీ నా సంచీ ఒకటే గదా.

తమ్ముడు: సంచి ఒకటే, ఇల్లు చేరాక చేసింది వేరు. ఎక్కడెక్కడ ఏం పోయిందో మొగుడికి చెప్పింది. కొండెక్కడానికి ఇంకో గేరు కావాలంది. ఆయన పెట్టాడు. ఆ బ్రేకు తోలే తర్వాత బ్రేకు లైనరయింది. నీ మాటల్లో చెప్పాలంటే చేబదులు అణాపైసలతో తీర్చింది. ఇంకో సంగతి చూడు. బ్రేకు అరిగితే ఆవిడ తోలు వేయించి దానికి బలం పెంచింది. కొందరు డ్రైవర్లు బ్రేకు పైపు కారుతుంటే ఏం చేస్తారో నీకు తెలుసు.

బాబాయ్: తెలుసు. ఆ చక్రానికి పోయే పైపుని మడిచి సుత్తితో కొట్టేస్తారు. ఆయిల్ కారదు. మూడు చక్రాల బ్రేకుతో నడిపేస్తారు.

తమ్ముడు: నువ్వు కొట్టలేదా?

(లారీ ఒకటి సున్నపురాయి దుమ్ము రేపుకుంటూ పోయింది. ట్రయాంగిల్ ఊగింది గానీ పడలేదు. బాబాయ్ దాన్నే చూస్తూ మాట్లాడాడు.)

బాబాయ్: కొట్టాను. సూర్యాపేట దాటాక రాత్రి పూట పైపు పోయింది. ఓనరుకి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. ఎలాగోలా తీసుకొచ్చెయ్ అన్నాడు. ఖాళీ బండే గదా అని మడిచి కొట్టి తెచ్చేశాను. ఏమీ కాలేదు. అదే నా ఖర్మ, ఏమీ కాకపోవడం. ఏదన్నా అయ్యుంటే అప్పుడే బుద్ధొచ్చేది. ఏమీ కాలేదు గనుక, చేతికి వచ్చిన విద్య అనుకున్నాను. ఇంకో ఏడాది లోడు బండికి కూడా అదే పని చేశాను. ఐతవరం దగ్గర గేదె అడ్డొచ్చింది. బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకి లాగింది. గేదె పోయింది. ఆ వెనక దూరంగా గేదెల్ని తోలుకొస్తున్న పిల్లాడు ఉన్నాడు. వాడు నాలుగడుగులు ముందుంటే?

తమ్ముడు: నేను ఆ మాట నీచేత అనిపించాలని కాదు...

బాబాయ్: అను, ఫర్వాలేదు. ఆ రోజు నుంచి నాకొక లెక్క ఉంది. బండిని నడిపించేదానికి కట్టు కట్టొచ్చు, ఆపేదానికి కట్టకూడదు, తిప్పేదానికి కట్టకూడదు. ఇంజను, డీజిలు, నీళ్లు, క్లచ్చి, వీటికి ఏం చేసినా మహా అయితే మళ్లీ ఆగిపోతుంది. బ్రేకు, స్టీరింగు, టైరు, వీటికి చేస్తే ఆగాల్సినప్పుడు ఆగదు. మొదటిదానికి బండి పోతుంది. రెండోదానికి మనిషి పోతాడు.

తమ్ముడు: ఈ మాట ముందే చెప్పుంటే సగం వాదన తగ్గేది. మొన్న నా షెడ్డుకి ఒక టిప్పర్ వచ్చింది. వెనక చక్రాలకి ఎయిర్ బ్రేకు గాలి లీకవుతోంది. గాలి పోతే లోపలి స్ప్రింగు బిగుసుకుని చక్రాన్ని పట్టేస్తుంది. బండి కదలదు. కదలకుండా ఉండాలనే అలా చేశారు. ఆ డ్రైవరు బోల్టు తిప్పి ఆ స్ప్రింగుల్ని వెనక్కి లాగి కట్టేసి వచ్చాడు. బండి కదిలేదాకా చేశాను చూశావా అని నాతో గొప్పగా చెప్పాడు. కాపలా కుక్కని గొలుసేసి కట్టి, దొంగలు లేరని పడుకున్నట్టుంది.

బాబాయ్: వాడికి ట్రిప్పుకింత అని బత్తా. బండి షెడ్డులో ఉన్న రోజు వాడింట్లో పొయ్యి వెలగదు. వాణ్ణి తిడతావు గానీ, ఫోన్లో ఎలాగోలా అన్నవాణ్ణి ఎవడు తిడతాడు?

తమ్ముడు: అక్కడికే వస్తున్నా. చేబదులు చేబదులు అంటున్నావే, తీసుకునేది ఓనరు. పూచీగా పెట్టేది డ్రైవరు ప్రాణం, క్లీనరు ప్రాణం, ఎదురొచ్చే బైకువాడి ప్రాణం. పూచీ పడ్డామని వాళ్లకి తెలియదు. చట్టం కూడా తెలిసి లోపమున్న బండి నడిపితే తప్పంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షన్ అదే. కానీ ప్రమాదం జరిగితే ముందు పట్టుబడేది స్టీరింగు పట్టుకున్నవాడు.

బాబాయ్: మా రోజుల్లో కొంచెం తీరు వేరేగా ఉండేది. కమాన్ కట్టలో మెయిన్ లీఫ్ విరిగితే కట్టె ముక్క కూరి, తాడేసి కట్టి, రోడ్డు పక్కకి తెచ్చేవాళ్లం. అంతే. అక్కణ్ణుంచి కదిలించేవాళ్లం కాదు. విరిగిన పట్టీ విప్పి క్లీనరు భుజాన వేసుకుని బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ వెళ్లేవాడు. నేను లోడు కాస్తూ బండి కింద పడుకునేవాణ్ణి. మర్నాడు కొత్త పట్టీతో వచ్చేవాడు. ఆ క్లీనరు నేనే అయిన రోజులు కూడా ఉన్నాయి. ఇనుము బరువుకి భుజం వాచిపోయేది. బస్సు కండక్టరు ఆ పట్టీకి కూడా టిక్కెట్టు కొట్టేవాడు.

తమ్ముడు: అదీ రిపేరంటే. కట్టు కట్టింది రోడ్డు పక్కకి చేరడానికి, ఊరికి చేరడానికి కాదు.

బాబాయ్: ఎంత దూరమన్నది విరిగినదాన్ని బట్టి ఉంటుంది. పట్టీ విరిగితే పది గజాలు. నీళ్ల గొట్టమైతే పదిహేను కిలోమీటర్లు. దేనికెంత దూరమో తెలియడమే ఈ పని. చేతిపని ఎవడికైనా వస్తుంది. 2023 జూలైలో ఐతవరం దగ్గర మునేరు నీళ్లు హైవే మీదకి వచ్చినప్పుడు బండ్లన్నీ ఆగిపోలేదా? మళ్లీ 2024 సెప్టెంబరులో వరద. అలాంటి రోజు నీ స్కానరు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎవడి చేతిలో ఉన్నదే వాడికి దిక్కు.

తమ్ముడు: ఆ రోజుకి నేను చెప్పేది ఒక్కటే, చెయ్యి కట్టుకుని కూర్చో. నీళ్లు మింగిన ఇంజనుకి సెల్ఫ్ కొడితే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు. బండిని తోసి గట్టున పెట్టి ఊరుకున్నవాడి ఇంజను బతుకుతుంది. ఎలాగోలా స్టార్టు చేద్దామనుకున్నవాడిది పోతుంది. ఒక్కోసారి ముట్టుకోకపోవడమే రిపేరు.

బాబాయ్: ఇది కూడా నా లెక్కలో రాసుకుంటాను. సరే, మూత చల్లబడింది. చూస్తావా, చేస్తావా?

(తమ్ముడు చొక్కా చేతులు మడిచాడు. గుడ్డ కప్పి మూత మెల్లగా తిప్పాడు. మొదటి గాటు దగ్గర ఆపి, ఆవిరి బుస్సుమని పోయాక తీశాడు. బాబాయ్ గొట్టాన్ని పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు. చీలిక నిలువుగా, చిటికెనవేలి పొడవు ఉంది. సైకిల్ ట్యూబుని అంగుళం వెడల్పు రిబ్బనుగా కోసి, చీలికకి రెండు వేళ్ల అవతల నుంచి మొదలుపెట్టాడు. రబ్బరు సన్నబడేదాకా లాగి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేట్టు చుట్టుకుంటూ చీలిక దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు. చివరని కిందికి దూర్చాడు. బైండింగ్ వైరు తీసుకున్నాడు.)

తమ్ముడు: చీలిక మీద వేస్తావా?

బాబాయ్: పిచ్చా? వైరు రబ్బర్ని కోస్తుంది. అటూ ఇటూ, చివర్ల మీదే. ప్లేయరుతో రెండు తిప్పులు, చాలు. మూడోది తిప్పితే కొత్త చిల్లు.

తమ్ముడు: మూత పూర్తిగా బిగించకు. మొదటి గాటు దగ్గరే ఉంచు. ఒత్తిడి పెరగదు, కట్టు మీద బరువు పడదు.

బాబాయ్: అది నాకు తెలుసులే. కానీ ఎందుకో నువ్వు చెప్పు, వీడు వింటాడు.

తమ్ముడు: మూత బిగించి ఉంటే ఒత్తిడి వల్ల లోపలి నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఓర్చుకుంటాయి. వదులు చేస్తే 100కే మరుగుతాయి. అంటే కట్టుని కాపాడటానికి వేడిని ఓర్చుకునే శక్తి వదులుకుంటున్నాం. కాబట్టి మెల్లగా పోవాలి, నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగాలి. అన్నయ్యా, విన్నావా? సూది మీంచి కన్ను తియ్యకు. హీటరుంటే ఫుల్లుగా పెట్టు.

బాబాయ్: ఈ ఎండలో హీటరా!

తమ్ముడు: అదీ చిన్న రేడియేటరే. ఇంజను వేడి కొంత మీ మీద పోస్తుంది. మీరు ఉడికితే ఇంజను బతుకుతుంది.

(ఇంజను స్టార్టు చేసి, తిరుగుతుండగా క్యానులో నీళ్లు సన్నధారగా పోశారు. వేడి ఇంజనులోకి చన్నీళ్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే బ్లాకు పగులుతుందని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే. కట్టు చివర చెమట బొట్టంత నీరు నిలిచింది. కింద పడలేదు.

తమ్ముడు జేబులోంచి టైర్ల మీద గుర్తులు పెట్టే తెల్ల మార్కరు తీశాడు. నల్ల ట్యూబు మీద, బానెట్ ఎత్తినవాడికి ఎదురుగా కనబడేట్టు, నందిగామ దాకా అని రాశాడు.)

బాబాయ్: ఇదేంట్రా?

తమ్ముడు: స్టెప్నీ మీద 80 ఉంటుంది గదా. నీ అతుక్కి కూడా నోరు ఇచ్చాను.

బాబాయ్ నవ్వలేదు. వెనక్కి నడిచి రాళ్లు నాలుగూ ఒక్కొక్కటే తీసి కాలవలో పడేశాడు. కంపకొమ్మ ఈడ్చి చేలోకి విసిరాడు. తమ్ముడు ట్రయాంగిల్ మడిచి, ఇది జీపులోనే ఉంచండని నా సీటు వెనక పడేశాడు.

హీటరు వేసుకుని, చెమటలో నాని, మూడు చోట్ల ఆగి, సాయంత్రం ఐదున్నరకి ఇల్లు చేరాం. ఆ వేళ నందిగామలో షాపులన్నీ తెరిచే ఉన్నాయి. గొట్టం రేపు మార్పిద్దామనుకున్నాను. మర్నాడు కంచికచర్లలో పని పడింది. మెల్లగా వెళ్లి మెల్లగా వచ్చాను. ఏమీ కాలేదు. ఆ మర్నాడు చందర్లపాడు. ఏమీ కాలేదు. నాలుగో రోజు మూత బిగించేశాను, మాటిమాటికీ నీళ్లు పొయ్యలేక.

ఆరో రోజు విజయవాడ వెళ్తూ ఇబ్రహీంపట్నంలో టీకి ఆగాను. బానెట్ కింద ఏదో సన్నగా బుసకొడుతోంది. ఎత్తి చూశాను. ఆయిల్ మసి అంటి అక్షరాలు సగం చెరిగాయి. నందిగామ అన్న మాట మాత్రం చదవడానికి వస్తోంది. నందిగామ చాలా వెనక ఉండిపోయింది.

కొత్త గొట్టం కొనడానికే ఆటోనగర్ వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మూత చల్లారేదాకా ఆగి, ఒక గాటు వదులు చేసి, ట్రయాంగిల్ సీటు వెనకే ఉందో లేదో ఒకసారి చూసుకున్నాను.